పది ఇరవై అయిదుకు అందరూ పైకి చూడవలెను

ఇందుమూలముగా పట్టణ ప్రజలందరికీ తెలియజేయునదేమనగా, ఇకమీదట ఆకాశము నుండి తీసిన ఫోటోలో కనిపించిన విపత్తు మాత్రమే విపత్తుగా పరిగణింపబడును. నేల మీద నిలబడి చూసిన విపత్తులు ఆయా వ్యక్తుల సొంత అభిప్రాయములుగా భావింపబడును. ఇట్లు, విపత్తుల అధికారి.

ఈ కాగితం పురసంఘం కార్యాలయం గోడకు అంటించిన రోజున జనం నిజంగా ఊరట చెందారు. అంతకుముందు ఎండ ముదిరినా వాన ముదిరినా ఎవరి భయం వాళ్ళే పడవలసి వచ్చేది. అందులో ఏది సరైన భయమో తేల్చే నాథుడు లేడు. ఇప్పుడా బాధ తప్పింది. ఎక్కడో ఆకాశంలో ఒక పెట్టె తిరుగుతూ ఉంటుంది, అది చూసి చెబుతుంది, అధికారి సంతకం పెడతాడు, అప్పుడు అందరూ కలిసి ఒకేసారి భయపడవచ్చు.

ఆ పట్టణానికి ఉత్తరాన ఒక కొండ ఉంది. మామూలు కొండ కాదు, కడుపులో నిప్పున్న కొండ. రెండేళ్ళ కిందట రెండు రోజుల పాటు పొగా బూడిదా కక్కి, తర్వాత ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. ఆ బూడిద ఇప్పటికీ దాని భుజాల మీద మోకాలి లోతున పేరుకుని ఉంది. కొండ మీంచి దిగిన ఏరు దిగువ వీధిని ఒరుసుకుంటూ వచ్చి వంతెన కిందుగా పోతుంది. దిగువ వీధి చివర మెట్లున్నాయి. నూట పది మెట్లెక్కితే పై మైదానం. ఆ ఊరి భూగోళం ఇంతే.

వంతెన స్తంభానికి నిలువుగా బిగించిన ఒక తెల్ల చెక్క ఉంది. దాని మీద నల్ల అంకెలు. రోజుకు మూడు పూటలా ఆ అంకెలు చదివి, ఏట్లో నీరు ఎంత ఉందో నోటుపుస్తకంలో ఎక్కించటం ఒక మనిషి ఉద్యోగం. ఊరంతా ఆయన్ని కొలతాయన అనేవారు. ఆయన తండ్రి కూడా అదే చెక్క చదివి రిటైరయ్యాడు. కొలతాయన పొద్దున్నే లేచి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, గొడుగు పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్ళేవాడు. ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో ఒక్క అంకె పెంచి రాయలేదు, ఒక్క అంకె తగ్గించి రాయలేదు. అబద్ధం ఆడితే నాలుక మీద పుండు లేస్తుందని చిన్నప్పుడు తల్లి చెప్పిన మాటను ఆయన ఇంకా నమ్ముతున్నాడు. పరీక్షించి చూసే అవసరం ఇంతవరకూ రాలేదు.

కొత్త ప్రకటన వచ్చాక విపత్తుల అధికారి ఆయన్ని పిలిచి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మీ దస్తూరి చాలా బాగుంది, ఇలాగే రాస్తూ ఉండండి అన్నాడు. ఆ నెల నుంచి కొలతాయన పంపే కాగితాలన్నీ ‘వదంతులు’ అని రాసి ఉన్న ఫైల్లోకి వెళ్ళటం మొదలుపెట్టాయి.

మొదటి ఫోటో వచ్చింది కరువు ఏడాది. జలాశయం అడుగు దాకా ఎండి, ఆ ఎండిన మట్టిలో ముళ్ళపొదలు దట్టంగా పెరిగాయి. రైతులు వడిలిన మొక్కలు పట్టుకుని వెళితే, అధికారి బల్ల మీద ఫోటో పరిచి చూపించాడు. ఊరంతా వెలిసిపోయి ఉన్నా, జలాశయం ఉన్నచోటు మాత్రం పచ్చగా నిగనిగలాడుతోంది. ఇంత పచ్చదనం ఉంచుకుని కూడా గొప్పలు చెప్పుకోని మీ వినయం నాకు నచ్చింది అని ఆయన రైతులను మెచ్చుకున్నాడు. అవి ముళ్ళపొదలండీ అని కొలతాయన వెనకనుంచి చెప్పాడు. ఫోటోలో ముళ్ళు కనిపిస్తున్నాయా అని అధికారి అడిగాడు. న్యాయంగా చెప్పాలంటే కనిపించటం లేదు.

దాంతో ఊరికి బుద్ధి వచ్చింది. ఆడా మగా కత్తులూ గొడ్డళ్ళూ పట్టుకుని వారం రోజుల పాటు పొదలన్నీ నరికి పారేశారు. తర్వాతి ఫోటోలో జలాశయం ఎర్రగా మండిపోతూ కనిపించింది. అధికారి ఆనందానికి మేర లేదు. సభ పెట్టి, కరువు వచ్చిందని సగర్వంగా ప్రకటించి, నీళ్ళ ట్యాంకర్లకు కబురు పెట్టాడు. ట్యాంకర్లు వచ్చేసరికి వానలు పడ్డాయి. పన్నెండు ట్యాంకర్లు పురసంఘం కార్యాలయం ఎదుట ఇరుసుల దాకా బురదలో దిగబడితే, ఆ నీళ్ళ కోసం ఎనిమిది నెలలు ఎదురుచూసిన జనమే తడుస్తూ వాటిని బయటికి తోశారు. కరువు నివారణలో ప్రజల భాగస్వామ్యం గురించి అధికారి రాసిన నివేదిక బాగుందని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

అప్పటినుంచి ఆ ఊళ్ళో ఒక కొత్త అలవాటు పుట్టింది. ఉన్నది ఎలా ఉన్నా, పైవాళ్ళకు బాగా కనపడాలి. ఉపగ్రహం పన్నెండు రోజులకొకసారి ఉదయం పది గంటల ఇరవై అయిదు నిమిషాలకు ఊరి మీదుగా పోతుంది. ఆ పూట వీధులు ఊడ్చేవారు. డాబాల మీద, పెట్టె అడుగున దాచిన కొత్త దుప్పట్లు పరిచేవారు. కొలతాయన ఇల్లాలు కూడా, చుట్టాలు వచ్చినా బయటికి తియ్యని దుప్పటి ఒకటి తీసి పరిచింది. మంగలి బాగా ఆలోచించి, పైనుంచి చూసేవాడికి కనిపించేది నడినెత్తి ఒక్కటే గనుక గడ్డాలు గీయటం వృథా శ్రమ అని తేల్చాడు. ఆ రోజుల్లో గడ్డాలు పెరిగి, నడినెత్తులు మాత్రం తళతళలాడుతూ ఉండేవి. బట్టతలలకు మెరుగు పెట్టటానికి ఆయన దగ్గర వేరే మెత్తటి గుడ్డ ఉండేది.

పురసంఘం అధ్యక్షుడు ఇంకో అడుగు ముందుకేసి, కార్యాలయం డాబా మీద తన ముఖం రంగుల్లో వేయించుకున్నాడు. ముక్కు రావలసిన చోట నీళ్ళ ట్యాంకు ఉంది. చిత్రకారుడు తెలివైనవాడు కాబట్టి ట్యాంకునే ముక్కు చేశాడు. ట్యాంకు కారినప్పుడల్లా అధ్యక్షుడికి జలుబు చేసిందని పిల్లలు అనుకునేవారు.

సరిగ్గా పది ఇరవై అయిదుకు అధ్యక్షుడు తన చేతి గడియారం చూసి చెయ్యి ఎత్తేవాడు. ఊరంతా డాబాల మీదినుంచి ముఖాలు పైకెత్తి నవ్వేది. ఇందులో ఒక్కటే చిక్కు. ఆ గడియారం రెండు నిమిషాలు వెనక. ఉపగ్రహం అప్పటికే కొండ దాటిపోయి ఉండేది. ఊరు ఊరంతా వెళ్ళిపోయినదాని వీపు చూసి నవ్వుతోందని కనిపెట్టిన మనిషి ఒక్కడే. దిగువ వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన. కొలతాయన అక్క మొగుడు. ఆ సంగతి చెబుతూ ఆయన అధ్యక్షుడికి మూడు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. అప్పటినుంచి ఉపగ్రహం వచ్చే వేళకు కిటికీ మూసుకుని లోపల కూర్చునేవాడు.

కొలతాయన మాత్రం ఆ వేళకు వంతెన దగ్గర ఉండేవాడు. ఆయనకు ఇంకో రహస్యం కూడా తెలుసు. ఫోటోలు పంపించే కేంద్రంలో ఒక అమ్మాయి వారానికొకసారి ఆయనకు ఫోన్ చేసి, కొలబద్ద అంకెలు అడిగి రాసుకునేది. ఆకాశం నుంచి చూసినదాన్ని నేల మీద చూసినదానితో సరిపోల్చుకోవాలట. లోకంలో ఆయన అంకెలు కావాలని అడిగిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఒకసారి ఆయనే ఉండబట్టలేక, ఫోటోలో మనిషి కనిపిస్తాడా అమ్మా అని అడిగాడు.

“కనిపించడు బాబాయ్. మాకు ఒక్కో చుక్కా మీ ఇల్లంత ఉంటుంది. ఊరంతా కలిసి ఒక్కచోట నుంచుంటే రెండు మూడు చుక్కలు పడతాయేమో.”

ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ నడినెత్తులన్నీ తలుచుకుంటే చెప్పటానికి మనసొప్పలేదు.

ఇలా ఉండగా వానాకాలం వచ్చింది. కిందటి ఫోటో తీసి తొమ్మిది రోజులైంది. ఊళ్ళో మబ్బే గాని చినుకు లేదు, కొండ మీద మాత్రం రెండు రోజులుగా కుండపోత. పొద్దున్న ఏడింటికి కొలతాయన వంతెన దగ్గరికి వెళ్ళి చెక్క చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. రాత్రికి రాత్రి నీరు పెరగవలసింది పోయి, రెండు జానలు తగ్గింది. మిగిలిన నీరు పలక రంగులో ఉంది. కాలిన అగ్గిపుల్లల వాసన వేస్తోంది.

ఆయన తండ్రి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఉద్యోగం అప్పగిస్తున్న రోజున కొడుక్కి ఒక్క సంగతి చెప్పాడు. కొండ మీద వాన పడుతుంటే ఏరు పెరగటం మామూలు. తగ్గిందంటే పైన ఎక్కడో బూడిదా మట్టీ చెట్లూ కలిసి అడ్డం పడ్డాయన్నమాట. వెనక నీరు నిండి ఆ అడ్డు తెగితే, వచ్చేది నీరు కాదు, గోడ. బండరాళ్ళను బంతుల్లా దొర్లించుకుంటూ వచ్చే బురద గోడ. అలాంటప్పుడు చెప్పులు వెతుక్కోకుండా పైకి పొమ్మన్నాడు.

కొలతాయన కేంద్రంలో అమ్మాయికి ఫోన్ చేశాడు. పైన అంతా మబ్బు, ఏమీ కనిపించటం లేదని ఆ పిల్ల చెప్పింది. మబ్బుల్లోంచి కూడా చూసే ఉపగ్రహం ఒకటి ఉందట గాని, అది ఆ ఊరి మీదికి రావటానికి ఇంకా ఆరు రోజులు పడుతుందట.

“మా ఆఫీసు నుంచి కాగితం రావాలంటే ఫోటో ఉండాలి బాబాయ్. మీరు దానికోసం చూడకండి. ముందు జనాన్ని ఎక్కించండి. మీకు గంటో రెండు గంటలో ఉందనుకోండి, అంతే.”

ఏడున్నరకు ఆయన అధికారి ఎదుట ఉన్నాడు. అధికారి విసుక్కోలేదు. కుర్చీ చూపించాడు. తొమ్మిది రోజుల నాటి ఫోటో తెప్పించి, అందులో ఏరు సన్నగా నీలంగా బుద్ధిమంతురాలిలా పోతున్న సంగతి వేలితో చూపించాడు. సైరను మోగించటానికి ఒక్కసారి తాళం ఇప్పించమని కొలతాయన చేతులు జోడించాడు. విపత్తు సైరను విపత్తుకే మోగించాలనీ, విపత్తు అవునా కాదా అన్నది ఫోటో చెప్పాలనీ అధికారి విడమరిచాడు.

“మూడు రోజులు ఓపిక పట్టండి. ఫోటో రానివ్వండి. విపత్తు ఉంటే అందులోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు.”

కొలతాయన పరుగున దిగువ వీధికి వెళ్ళి ఇంటింటి తలుపూ తట్టాడు. ఏరు తగ్గింది, బురద వస్తుంది, మైదానం ఎక్కండి అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ వీధి జనం మర్యాదస్తులు. అందరూ విన్నారు. రొట్టెల దుకాణం ఆవిడ, పొయ్యి మీద రెండో వాయి ఉంది, అది దించి ఆలోచిస్తానంది. ఇస్త్రీ ఆయన, సాయంత్రానికి ఇవ్వవలసిన బట్టలున్నాయి, రేపొస్తే కుదరదా అన్నాడు. కాస్త చదువుకున్న ఒకాయన, అధికారి ప్రకటించాడా అని అడిగి, లేదంటే తలుపేసుకున్నాడు. ఒక ముసలమ్మ ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఎండలో తిరక్కు నాయనా అంది. ఎండ లేదు.

అక్క ఇంటి దగ్గర కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. బావ కంటికి భూతద్దం బిగించుకుని ఒక గడియారం కడుపు విప్పుకుని కూర్చున్నాడు. విషయం చెప్పాడు కొలతాయన.

“ఏరు తగ్గితే నీకేంటోయ్ బావమరిదీ నష్టం?” అన్నాడు బావ తల ఎత్తకుండానే. “చదవటానికి అంకెలు తక్కువ. ఇంటికి తొందరగా పోవచ్చు.”

“ఆటలు కాదు బావా. అక్కనన్నా పంపించు.”

“మిషను వదిలి నేనెక్కడికీ రానురా తమ్ముడూ,” అంది అక్క లోపల్నించి. “నాన్న కూడా ఇలాగే భయపెట్టేవాడు. అన్నం తిన్నావా?”

ఎనిమిదిన్నర అయింది. కొలతాయన వీధి మొదట్లో మంగలి దుకాణం ముందు నిలబడిపోయాడు. నలభై గడపలకు నిజం చెప్పాడు. ఒక్క గడప కూడా కదల్లేదు. ఆయన కళ్ళు మూసుకుని దేవుణ్ణి ఒక ప్రశ్న అడిగాడు. ఇంతమందిని నిజం కదిలించలేకపోతే, నేనేం చేసేది? దేవుడు వెంటనే జవాబు చెప్పలేదు. ఆ జాప్యంలో మంగలి బయటికొచ్చి పలకరించాడు.

“ఏంటి కొలతాయనా, మొహం అలా పెట్టావు? ఎవరన్నా పోయారా?”

“ఇంకా లేదు,” అన్నాడు కొలతాయన. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నువ్వు ఎవరికీ చెప్పనంటే ఒక మాట.”

మంగలి ఎవరికీ చెప్పనన్నాడు. అది ఆయన రోజుకు ఇరవైసార్లు చేసే ప్రమాణం.

“మబ్బుల్లోంచి కూడా చూసే ఉపగ్రహం ఒకటుంది. కేంద్రంలో అమ్మాయే చెప్పింది. ఇవాళ పది ఇరవై అయిదుకు పై మైదానం మీదుగా పోతోంది. మైదానంలో నుంచున్నవాళ్ళే ఫోటోలో పడతారు. ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు లేనట్టే లెక్క.”

ఇందులో మొదటి రెండు వాక్యాలు నిజం. మిగతావి ఆయన సొంతం. చెప్పేసి నాలుకతో పళ్ళను తడిమి చూసుకున్నాడు. పుండు లేదు. ఇంకా టైముంది కదా అనుకున్నాడు.

తొమ్మిదింటికి ఆ రహస్యం తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అధ్యక్షుడికి ఆయన వంటమనిషి చెప్పింది. నాకు ముందే తెలుసు అన్నాడు ఆయన. అధికారికి ఆయన డ్రైవరు చెప్పాడు. అధికారి ఆలోచించాడు. తనకు తెలియకుండా ఆకాశంలో ఒకటి వస్తోందంటే, తెలియనట్టు ఉండటం కంటే తెలిసినట్టు ఉండటం క్షేమం. తొమ్మిదీ పదికల్లా మైకు కట్టిన వ్యాను వీధుల్లోకి వచ్చింది. విపత్తుల అధికారిగారి ప్రత్యేక కృషి ఫలితముగా మబ్బుల నుండి చూడగల ఉపగ్రహము నేడు మన పట్టణమునకు విచ్చేయుచున్నది, పది ఇరవై అయిదుకు అందరూ మైదానమున నిలిచి పైకి చూడవలెను, ఆ సమయమున ఎవ్వరూ కిందికి చూడరాదు. సైరను కూడా మోగించారు. విపత్తుకైతే అనుమతి కావాలి గాని, ఫోటోకి అక్కర్లేదు.

దిగువ వీధి లేచింది. రొట్టెల ఆవిడ మూడో వాయి పొయ్యి మీదే వదిలేసి పట్టుచీర చుట్టుకుంది. ఇస్త్రీ ఆయన సాయంత్రానికి ఇవ్వవలసిన బట్టల్లో ఒక మంచి చొక్కా తొడుక్కున్నాడు. అధికారి ప్రకటించాడా అని అడిగిన పెద్దమనిషి అందరికంటే ముందు మెట్లెక్కాడు. ముసలమ్మను మనవలు చేతుల కుర్చీ కట్టి మోశారు. కోళ్ళను చంకన పెట్టుకుని వెళ్ళారు, ఫోటోలో నిండుగా ఉంటుందని. అక్క మిషను మీద గుడ్డ కప్పి, కొత్త రవిక తొడుక్కుని, మొగుణ్ణి రమ్మంటే రానన్నాడని విసుక్కుంటూ మెట్లెక్కేసింది.

పదింటికి మెట్ల దగ్గర కొలతాయనకు అక్క ఒక్కతే కనిపించింది. బావ ఏడే అని అడిగాడు. ఉత్తరాలకు జవాబు రాయని ఊరుతో నాకు ఫోటో ఏమిటన్నాడట. కొలతాయన వెనక్కి పరుగెత్తాడు. వీధి నిర్మానుష్యంగా ఉంది. ఏట్లో నీళ్ళ చప్పుడు బొత్తిగా లేదు. ఆ నిశ్శబ్దంలో బావగారి దుకాణం గోడ మీద పద్నాలుగు గడియారాలు టకటకలాడుతున్నాయి.

“నేను రానని చెప్పాగా. నా మొహం పైవాళ్ళు చూసి ఏం చేసుకుంటారు?” అన్నాడు బావ.

కొలతాయన రొప్పుతూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఈ మనిషికి బురద గురించి చెప్పి లాభం లేదు, ఫోటో గురించి చెప్పినా లాభం లేదు.

“నీ ఇష్టం బావా. కాకపోతే ఇవాళ కూడా అధ్యక్షుడి గడియారం చూసే చెయ్యెత్తుతారట.”

బావ భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. “ఇంత పెద్ద ఉపగ్రహానికి కూడానా?”

“ఆయనదే సరైన టైమని మైకులో చెప్పించాడు.”

ఇది ఆ రోజుకు రెండో అబద్ధం. బావ గోడ మీదినుంచి అన్నిటికంటే నమ్మకమైన గడియారం ఊడదీసి చంకలో పెట్టుకుని, బావమరిది కంటే ముందు మెట్లెక్కాడు. దారి పొడవునా రెండు నిమిషాలంటే ఏమనుకుంటున్నార్రా అని తిడుతూనే ఉన్నాడు.

మైదానంలో ఊరంతా నిండి ఉంది. మధ్యలో ఎవరు నిలబడాలన్న దాని మీద అధికారికీ అధ్యక్షుడికీ వాదన జరిగి, ఇద్దరూ ఒకే కుర్చీ మీద ఒకరి నడుం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. టైము విషయంలో బావ ఊరుకోలేదు. తన గడియారాన్ని అందరికీ కనిపించేలా ఇస్త్రీ ఆయన నెత్తి మీద పెట్టించాడు. పది పంతొమ్మిదికి కొండవైపు నుంచి ఒక చప్పుడు మొదలైంది. వంద బళ్ళు రాళ్ళ మీద ఒకేసారి పోతున్నట్టు, నేల కొద్దిగా వణికింది. ఎవ్వరూ కిందికి చూడలేదు. చూడరాదని ప్రకటన ఉంది.

“ఎవరోయ్ ఆ కాళ్ళు ఆడిస్తున్నది? ఫోటో కదిలిపోతుంది,” అన్నాడు బావ, ముఖం ఆకాశం వైపే ఉంచి.

సరిగ్గా పది ఇరవై అయిదుకు ఊరు ఊరంతా మబ్బుల కేసి చూసి హాయిగా నవ్వింది. వాళ్ళ కాళ్ళ కింద, నూట పది మెట్ల దిగువన, బూడిద రంగు గోడ ఒకటి బండలనూ చెట్లనూ మోసుకుంటూ వీధిలోకి మలుపు తిరిగింది. రొట్టెల దుకాణం పొయ్యి ఆరింది. పద్నాలుగింట పదమూడు గడియారాలు ఆగాయి. కిందికి చూసిన మనిషి ఒక్కడే. తెల్ల చెక్క మొదట ఎనిమిదో అంకె దాకా మునిగి, పన్నెండు దాకా మునిగి, తర్వాత స్తంభంతో సహా వెళ్ళిపోవటం కొలతాయన చూశాడు. జేబులోంచి నోటుపుస్తకం తీసి, ఆ పూట కొలత పన్నెండు పైన అని ఎక్కించాడు. దస్తూరి బాగానే వచ్చింది. అప్పుడు తలలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. కోళ్ళతో సహా అందరూ ఉన్నారు. నోటుపుస్తకం జేబులో పెట్టుకుని అక్కడే గడ్డి మీద కూర్చున్నాడు.

ఫోటో అయిపోయిందని అధ్యక్షుడు ప్రకటించాక జనం ముఖాలు దించారు. అక్క తన ఇల్లు ఉండవలసిన చోటు కేసి చూసి, మిషను మీద గుడ్డ కప్పే వచ్చానురా తమ్ముడూ అంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

మూడు రోజుల తర్వాత మబ్బు తెరిపి ఇచ్చింది. మామూలు ఉపగ్రహం మామూలు వేళకు వచ్చింది. ఫోటోలో దిగువ వీధి మీదుగా బూడిద రంగు చార స్పష్టంగా కనిపించింది. అధికారి ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. విపత్తు రాబోవుచున్నదనీ, దిగువ వీధివారు తక్షణమే ఇళ్ళు ఖాళీ చెయ్యవలెననీ ఆజ్ఞ జారీ చేసి, ఆ నోటీసులు ఇంటింటి తలుపుకూ అంటించి రమ్మని కొలతాయనకే అప్పగించాడు. కొలతాయన విధేయుడు. బురద గట్టిపడ్డాక దాని మీద నడుచుకుంటూ వెళ్ళి, తలుపులు కనిపించనందున నోటీసులు వాపసు చేయుచున్నాను అని రాసిచ్చాడు.

జనానికి మైదానంలో గుడారాలు వేశారు. బతికి బయటపడ్డందుకు వాళ్ళు రెండు రోజులు దేవుణ్ణి తలుచుకున్నారు. మూడో రోజు నుంచి ఫోటో ఏదని అడగటం మొదలుపెట్టారు. కట్టుకున్న మంచి బట్టలు తప్ప ఇంకేం మిగల్లేదు, కనీసం ఆ బట్టల్లో ఎలా పడ్డామో చూసుకోవద్దా అన్నారు. రోజులు గడిచేకొద్దీ కోపం పెరిగింది. చివరికి విచారణ పెట్టారు. విచారణాధికారి విపత్తుల అధికారే.

విచారణలో ఆయనకు ధర్మసంకటం ఎదురైంది. ఉపగ్రహం రాలేదంటే, మైకులో తన ప్రత్యేక కృషి అబద్ధమవుతుంది. కాబట్టి ఉపగ్రహం వచ్చిందనే తేలింది. వచ్చిన ఉపగ్రహం ఫోటో ఇవ్వకపోవటం ఉపగ్రహం క్రమశిక్షణకు సంబంధించిన విషయమని, దాని మీద పైకి రాశారు. ఇక కొలతాయన మీద రుజువైన నేరం ఒక్కటే. అధికారిక ప్రకటనకు నలభై నిమిషాల ముందే ప్రభుత్వ రహస్యాన్ని మంగలికి వెల్లడించాడు. అందుకు ఆయనకు హెచ్చరిక పత్రం ఇచ్చారు. దానితోపాటు, కిందటి ఫోటోలో వంతెన దగ్గర మనిషెవరూ కనిపించనందున, ఆ స్థానంలో ఉద్యోగి ఉన్నట్టు ఆధారం లేదని కూడా రాశారు.

ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చి ఆయన ఇల్లాలి ఎదుట కూర్చున్నాడు. ఉద్యోగం సంగతి చెప్పలేదు. రెండు అబద్ధాలు ఆడానని చెప్పాడు. నాలుక చూపించాడు. ఆమె దీపం దగ్గరికి జరిగి శ్రద్ధగా చూసింది.

“ఏమీ లేదు. పొక్కు కూడా లేదు.”

“అదే నాకు అర్థం కావటం లేదు. దేవుడు చూడలేదంటావా?”

“పైనుంచి చూస్తారనే కదా మీరు అందరికీ చెప్పింది,” అందామె. “చూడకపోతే అన్ని తలలు ఎలా మిగిలాయి? లేచి అన్నం తినండి.”

ఉద్యోగం లేకపోయినా కొలతాయన వంతెన దగ్గరికి వెళ్ళటం మానలేదు. మిగిలిన స్తంభానికి తనే ఒక చెక్క బిగించి, తెల్లరంగు వేసి, అంకెలు దిద్దాడు. కొండ భుజాల మీద బూడిద ఇంకా సగానికి పైగా ఉంది. దిగువ వీధివారు గట్టిపడిన బురద మీద, పాత ఇళ్ళ పైనే, కొత్త ఇళ్ళు కట్టుకోవటం మొదలుపెట్టారు. నేల ఎత్తు పెరిగింది గనుక ఉపగ్రహానికి ఇంకాస్త దగ్గరగా ఉంటామని మంగలి లెక్క చెప్పాడు.

నిజం చెబితే జనం కదలరని, ఒకసారి ఆడిన అబద్ధం రెండోసారి పనికిరాదని కొలతాయనకు తెలుసు. అందుకని నోటుపుస్తకం వెనక పేజీల్లో గళ్ళు గీసి, ఎవరికి ఏం చెబితే మెట్లెక్కుతారో తీరికవేళల్లో రాసుకుంటున్నాడు. బావ పేరు ఎదుట, ఎవరి గడియారమో తప్పు నడుస్తోందనాలి అని ఉంది. అధికారి ఎదుట, పై అధికారి అప్పుడే ఎక్కేశారనాలి అని. అధ్యక్షుడికి, కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారని. మంగలికి ఏమీ చెప్పనక్కర్లేదు, ఎవరికీ చెప్పకు అంటే చాలు. అక్క కోసం కొత్త కుట్టుమిషను గురించి ఏదో రాసి కొట్టేశాడు, ఇంకా ఆలోచిస్తున్నాడు. ఇల్లాలి పేరు ఎదుట మాత్రం, నిజం చెప్పవచ్చు అని ఉంది.

గళ్ళన్నీ దాదాపు నిండాయి. చివరన ఒక్కటి ఖాళీగా ఉంది. దాని ఎదుట ‘ఈ కథ చదివేవారు’ అని రాసి ఉంది. ఏం చెబితే తమరు కూర్చున్న చోటునుంచి లేస్తారో వెంటనే తెలియజేయ ప్రార్థన. కొండ మీద రాత్రినుంచి వాన పడుతోంది. ఈ పొద్దున్న కొలబద్ద మీద నీరు ఒక అంకె తగ్గింది.